అంటు కింది చిగురు

నర్సరీ, పంపు షెడ్డు మెట్ల మీద

మరదలు పిల్లకు,

ఈ కవరు ఉబ్బెత్తుగా ఉందని వదిన చీర పంపిందేమో అని మురిసిపోకు. లోపల ఉన్నవి ఆకులు. ఆకులు కొలిచే ఉద్యోగం చేసేదానికి ఆకులు కాక ఇంకేం పంపుతాం? ఎవరి ఆకులో చెప్తాను, ముందు కుర్చీలో కూర్చో.

గడుగ్గాయి పడిపోయింది.

మొన్నటి గాలివానకి వేళ్లతో సహా లేచి షెడ్డు మీద ఒరిగిపోయింది. రేకులు వంగాయి, నీళ్ల పైపు విరిగింది, మనుషులకైతే ఏమీ కాలేదు. ఆ మామిడి చెట్టుని మేమెవరమూ నాటలేదని నీకు తెలుసు. నా పెళ్లయిన ఏడాది, ఎవరో తిని విసిరేసిన టెంక నుంచి దానంతటదే మొలిచింది. కనిపించిన మొక్కకల్లా అంటు కట్టే మీ అన్నయ్య దాని జోలికి మాత్రం కత్తి తీసుకుని వెళ్లలేదు. అది కూడా తన ఇష్టం వచ్చినట్టే పెరిగింది. మిగతా చెట్లు పక్కలకి విచ్చుకుంటే ఇది నిటారుగా లేచింది. అన్నిటికంటే ఆలస్యంగా పూసేది కాబట్టి పొగమంచుకి పూత మాడేది కాదు. పక్క చెట్లు కాయని ఏడాది కూడా ఇది కాసేది. కాయ పండినా పచ్చగానే ఉండి చిలకల్నీ బేరగాళ్లనీ ఒకేలా బోల్తా కొట్టించేది.

మీ అన్నయ్య అదే రోజు పడిన కొమ్మల మధ్య దూరి పుల్లలు కోసుకొచ్చి అంటు కట్టారు. వేరే మొక్కల తలలు తీసేసి, ఆ మోళ్లకి గడుగ్గాయి పుల్లలు అతికించి గుడ్డ చుట్టారు. "నా చేతిలో అంటు చావదు, నువ్వు ఏడవకు" అన్నారు. నేను ఏడవలేదులే. కొంచెం ఏడ్చాను.

ఎందుకైనా మంచిది, ఈ ఆకుల్లాంటి ఆకులున్న చెట్టు మీ తోటలో ఉందేమో చూడు. ఫోన్లో ఆకు పంపలేను కదా, అందుకే ఈ ఉత్తరం.

మీ వదిన

*

పండ్ల పరిశోధన తోట, ఆకుల గది

వదినా,

కవరు చించగానే వాసన వచ్చింది. చదవక ముందే ఎవరో తెలిసిపోయింది. నలిపితే నిమ్మతొక్క గీరినట్టు వాసన వచ్చే మామిడాకు ఇంకెక్కడుంది? ఎదురుబల్ల దగ్గర మా ఆఫీసరమ్మ "ఏంటమ్మా, ఏడుస్తున్నావా?" అంది. పూత పొడి పడదండీ అన్నాను. పూత పడనిదాన్ని మామిడి తోటలో ఎవరు ఉద్యోగంలో పెట్టుకుంటారు? పాపం ఆవిడ నమ్మింది.

నీ ఆకులు పట్టుకుని రెండు పూటలా తోటంతా తిరిగాను. నువ్వెప్పుడూ అడుగుతావు కదా, ఆకులు కొలిచి ఏం చేస్తారే అని. దూరం నుంచి అన్నీ మామిడి చెట్లే వదినా. దగ్గరికి వెళ్తే ఒకదాని చిగురు రాగి చెంబు రంగు, పక్కదానిది లేత ఆకుపచ్చ, దాని పక్కదానిది గులాబీ. ఒకదాని ఆకు అంచు తిన్నగా ఉంటే ఇంకోదానిది అల అలగా. ఒకదాని పూతగుత్తి నిలబడుతుంది, ఒకదానిది వేలాడుతుంది. కాయకి ముక్కున్నవి, లేనివి, బెరడు పగిలినవి, నున్నగా ఉన్నవి. ఇవన్నీ రాసిపెట్టుకుంటేనే రేపు ఒక చెట్టు పోతే పోయింది ఏదో తెలుస్తుంది. గడుగ్గాయి ఆకు అంచు అల తీరు ఒక చెట్టులో కనిపించింది, దాని వంకాయ రంగు చిగురు ఇంకోదానిలో కనిపించింది. రెండూ కలిసి ఉన్నది, ఆ వాసనతో ఉన్నది మాత్రం లేదు. మీ గడుగ్గాయికి జోడీ లేదు.

ఒక్క విషయం నాకు నచ్చలేదు. నువ్వు పంపినవన్నీ మరీ లేత ఆకులు. చెట్టు నిండా చిగురేసుకుని ఉన్నప్పుడు పడిందా? ముదరని పుల్ల అంటుకి నిలవడం కష్టం. అన్నయ్యకి ఇది తెలియనిది కాదు. తెలిసీ కట్టాడంటే ఇంక వేరే దారి లేకే. నేను ఇలా అన్నానని చెప్పకు, అంటులు ఎలా ఉన్నాయో మాత్రం రాయి.

నీ మరదలు

*

నర్సరీ, వంటింటి కిటికీ దగ్గర

మరదలా,

ఒక్కటీ నిలవలేదు. అన్నీ నల్లబడ్డాయి.

మీ అన్నయ్య గుడ్డలన్నీ తనే విప్పి, మోళ్లన్నీ తనే పారేసి, కత్తి తుడిచి అలమరలో పెట్టేశారు. అప్పటినుంచి ముట్టుకోలేదు. అంటులు కట్టడానికి మేస్త్రిని పిలిచారు. నేను పోట్లాట పెట్టుకున్నాను. "లేత పుల్లకి చేయి ఏం చేస్తుంది? మీ తప్పేముంది?" అన్నాను. "నా చేయి పోయిందిలే" అని భోజనం మధ్యలో లేచిపోయారు. ఆ మనిషి భోజనం మధ్యలో లేవడం నేను ఇదే చూడటం.

ఇప్పుడు చేసే పని ఒక్కటే. పొద్దున్నే సంచుల మొక్కల మధ్యకి వెళ్లి, అంటు అతుకు కింద, వేళ్లిచ్చే వేరు మొక్కకి వచ్చే చిగుళ్లని బొటనవేలితో గిల్లేస్తారు. కింది చిగురు పెరిగితే పైన కట్టిన రకానికి సత్తువ అందదు కాబట్టి ఏ నర్సరీలోనైనా చేసే పనే. ఈయన మాత్రం అదేదో పగ ఉన్నట్టు చేస్తున్నారు. వరసలన్నీ అద్దంలా ఉన్నాయి, మనిషే బాగోలేడు.

పోయినేడు తిన్న గడుగ్గాయి పళ్ల టెంకలైనా దాచుకున్నాం కాదు. ట్యాంకు పక్క మడిలో పాతి, మొలిచాక వేరు మొక్కలుగా వాడేశాం. వాటి తలలు కోసి అమ్మకానికి పోయే రకం అంటు కట్టేశాం. ఉన్నా మాత్రం ఏం లాభం? టెంక మొక్క తల్లిలా రాదు. ఒకే తల్లి పిల్లలైనా నీ ముక్కు వేరు, మీ అన్నయ్య ముక్కు వేరు. నీదే బాగుంటుంది, ఆయనకి చెప్పకు.

చదువుకున్నదానివి, ఏదైనా దారి ఉంటే చెప్పు.

మీ వదిన

*

ఆకుల గది

వదినా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. మా ఆఫీసరమ్మకి కూడా చదివి వినిపించాను, ముక్కు సంగతి వదిలేసి. జాగ్రత్తగా గుర్తు చేసుకుని చెప్పు. గడుగ్గాయి టెంక పాతితే ఒక్క మొలకే వచ్చేదా, గుంపుగా వచ్చేవా?

ఎందుకంటే మామిడిలో రెండు తీర్లు ఉన్నాయి. టెంకకి ఒకే మొలక వచ్చే చెట్లకి పుట్టిన మొక్క తల్లిలా ఉండదు. నువ్వన్నది వాటికి నిజం. ఒకే టెంక నుంచి మూడో నాలుగో మొలకలు వచ్చే చెట్లు కొన్ని ఉంటాయి. ఆ మొలకల్లో చాలావరకు పూతలో వేరే చెట్టు పుప్పొడి కలిసి పుట్టినవి కావు, తల్లి ఒంటిలోంచి నేరుగా వచ్చినవి. ఆకు, చిగురు, కాయ అన్నీ తల్లివే. వాటిని పిల్లలు అనడం కూడా తప్పే వదినా, అవి తల్లే.

గడుగ్గాయిది అలాంటి టెంకే అయితే అది పోలేదు. మీ సంచుల్లో వేరే రకం కింద, అతుకు కింద, వేళ్లతో బతికే ఉంది. అన్నయ్య రోజూ పొద్దున్నే బొటనవేలితో గిల్లేస్తున్నది దాన్నే.

కొన్నిటికి కింది చిగురు వదిలెయ్యి. ఆకు విచ్చుకున్నాక చూడు. వంకాయ రంగు ఉండాలి, అంచు అల అలగా ఉండాలి, నలిపితే నిమ్మతొక్క వాసన రావాలి. మూడూ ఉంటేనే. ఒకటో రెండో ఉంటే సంబరపడకు.

నీ మరదలు

*

నర్సరీ, నీళ్ల ట్యాంకు వెనక

మరదలు పిల్లకు,

గుంపుగానే వచ్చేవి. నా చేత్తో నేనే ఏరాను కదా. గుంపులో బలమైనదాన్ని ఉంచి బక్కవాటిని పీకేస్తాను. అది నాకు చేయి తిరిగిన పని. నేను పీకి పారేసింది తల్లుల్నని ఇప్పుడు తెలిసింది.

చిక్కేమిటంటే మడి నుంచి సంచుల్లోకి మార్చేటప్పుడు రసం ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన టెంకల మొక్కలతో కలిపేశాం. ఏ సంచిలో ఎవరున్నారో దేవుడికే తెలియాలి. గుర్తుపట్టాలంటే చిగురొస్తేనే. అందుకని ఆ మడి మొక్కలు కలిసిన సంచుల్ని కొన్ని ట్యాంకు వెనక్కి మోయించి, కింది చిగుళ్లు గిల్లకుండా వదిలేశాను. మొగ్గలు కదులుతున్నాయి. ఆకు ఇంకా విచ్చలేదు.

మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్పమని పోరకు. ఆ నల్లబడిన గుడ్డలు విప్పుతున్నప్పుడు ఆయన మొహం నువ్వు చూడలేదు, నేను చూశాను. ఆశ చూపించి మళ్లీ ఆ మొహం చూడలేను. ఆకు విచ్చితే అప్పుడు చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తాను. లేకపోతే గప్‌చుప్‌గా గిల్లేసి నేనే ఏడ్చుకుంటాను. "ట్యాంకు దగ్గర అస్తమానం ఏం పని?" అని నిన్న అడిగారు. గాలి బాగుందండీ అన్నాను. ఈ ఎండలో గాలేమిటని చూశారు.

మీ వదిన

*

ఆకుల గది

వదినా,

అన్నయ్యకి చెప్పెయ్యి. ఇవాళే చెప్పు. నాకూ భయమే, ఆ సంచుల్లో అన్నీ ఫ్యాక్టరీ టెంకలే ఉంటే ఏం చేస్తామని రాత్రి నిద్ర కూడా పట్టలేదు. అయినా చెప్పు. బొటనవేలు ఆయనది. ఆయన కంట్లో పడకుండా ఒక చిగురు పెరగడం ఆ నర్సరీలో జరిగే పనేనా?

నీ మరదలు

*

నర్సరీ, మంచం మీద కూర్చుని

మరదలా,

నీ నోటి చలవ! నీ ఉత్తరం, మీ అన్నయ్య బొటనవేలు రెండూ ఒకే రోజు వచ్చాయి.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటూ, చెట్టు పడ్డాక మొదటిసారి నవ్వు మొహంతో "ట్యాంకు వెనక ఒక వరస మరిచిపోయారే మనవాళ్లు, మొత్తం శుభ్రం చేసి వచ్చా. నీకు పని తగ్గించా" అన్నారు. చేతిలో గిన్నె ఎక్కడ పెట్టానో నాకు తెలియలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆయన కంగారుపడి నీళ్లిచ్చారు.

చెప్పేశాను. నీ ఉత్తరాలు ముందు పెట్టాను. అన్నీ చదివి, చేతులు చూసుకుంటూ కూర్చున్నారు.

"అయితే ఇన్నాళ్లూ నేను గిల్లింది..."

"అవును. అదే కావచ్చు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు తట్టుకోలేరని."

"నువ్వు తట్టుకోగలవా?" అన్నారు. పెళ్లయిన ఇన్నాళ్లలో నా నోరు మూతపడటం ఇదే మొదలు, ఆనందించు.

తర్వాత లేచి అలమర తీశారు. కత్తి కాదు, పెద్ద కత్తెర తీసుకున్నారు. ట్యాంకు వెనక్కి నడిస్తే వెంట నేనూ వెళ్లాను. చిగురు గిల్లేసిన చోట మళ్లీ తొందరగా రావాలంటే పైన తల తీసెయ్యాలట, అప్పుడు సత్తువంతా కిందికి మళ్లుతుందట. చక్కగా నిలిచిన అంటులు, ఈ వారం లారీ ఎక్కాల్సినవి, అతుకు దగ్గర టకటకా కోసేస్తూ పోయారు. మేస్త్రి పరుగున వచ్చి "అయ్యా, అమ్ముడైన సరుకు" అని మొత్తుకున్నాడు. "మళ్లీ కడదాంలే" అన్నారు. "ఎవరు కడతారు?" అని అడిగితే "నేను" అన్నారు.

వరసంతా ఇప్పుడు మోళ్లు. అందులో ఎన్ని ఎండిపోతాయో, ఎన్నిటికి మొగ్గ కదులుతుందో తెలియదు. పొద్దున్నే వెళ్లి వాటి ముందు గొంతుకూర్చుంటున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటున్నారు, అలవాటులో గిల్లేస్తానేమోనని భయమట.

మీ వదిన

*

నర్సరీ, ట్యాంకు వెనక, నేల మీద

మరదలు పిల్లకు,

కవరులో మూడు పొట్లాలున్నాయి. మొదటిది ముందు విప్పు, మిగతావి తర్వాత.

కొన్ని మోళ్లు ఎండిపోయాయి. మిగతావి చిగురేశాయి. నీ ఉద్యోగం అంటే నీకెందుకంత ఇష్టమో నాకిప్పుడు తెలిసింది. ఒకే తోట, ఒకే మట్టి, ఒకే నీళ్లు, ఒక్క చిగురూ పక్కదానిలా లేదు. రాగి రంగువి, పసుపు తిరిగిన ఆకుపచ్చవి, గులాబీవి. ఒకటి పొడుగ్గా సన్నగా కొరడాలా ఉంటే ఇంకోటి పొట్టిగా గుండ్రంగా ఉంది. ఫ్యాక్టరీ టెంకల సంతానం. మీ అన్నయ్య ఒక్కోదాని పేరు అడిగే చుట్టంలా వరస పొడుగునా తిరుగుతున్నారు. "ఇన్నాళ్లూ వీటన్నిటినీ ఒకటే అనుకుని తలలు తీశాం కదే" అన్నారు.

చివర్లో ఉన్న సంచుల్లో కొన్నిటికి వంకాయ రంగు వచ్చింది. అంచు చూశాం, అల అలగానే ఉంది. నలపమంటే ఆయన నలపలేదు, "నువ్వు నలుపు" అన్నారు. నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. నిమ్మతొక్క వాసనే. ఆయన నా చేయి పట్టుకుని వదల్లేదు. ఆ ఆకులే మొదటి పొట్లంలో ఉన్నాయి. నీ దగ్గర పాత ఆకులున్నాయి కదా, పక్కన పెట్టి చూడు. నువ్వు అవునంటేనే మేం అవుననుకుంటాం.

రెండో పొట్లం, మూడో పొట్లం ఒకే సంచిలోవి. ఆ సంచిలో ఒకే టెంక నుంచి వచ్చిన రెండు మొక్కలున్నాయి. అప్పట్లో నా చేతికి దొరక్కుండా ఒక బక్కది మిగిలిపోయింది. లావుదానికి అంటు కట్టారు, ఇప్పుడు దానికి వంకాయ రంగు చిగురే వచ్చింది, అది రెండో పొట్లం. బక్కదాని తల ఎవరూ కోయలేదు. దాని ఆకులు మూడో పొట్లంలో ఉన్నాయి. లేత ఆకుపచ్చ, అంచు తిన్నగా ఉంది, వాసన మాత్రం గడుగ్గాయిదే. అలవాటుకొద్దీ పీకబోయాను. మీ అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నారు. "ఆగు. చెల్లెల్ని అడుగుదాం" అన్నారు.

అడుగుతున్నాం.

మీ వదిన

*

ఆకుల గది

వదినా, అన్నయ్యా,

ఈ ఉత్తరం ఇద్దరికీ.

మొదటి పొట్లం గడుగ్గాయే. రెండోది కూడా. పాత ఆకులు పక్కన పెట్టి ఈనెలు, అంచు, తొడిమ అన్నీ చూశాను. నేను చూస్తే సరిపోదని మా ఆఫీసరమ్మ చేత కూడా చూపించాను. ఆవిడ భూతద్దం పక్కన పెట్టి "మీ చెట్టు ఎక్కడికీ పోలేదమ్మా" అంది. ఈసారి పూత పొడి మీద నెట్టలేదు, ఆవిడ ముందే కూర్చుని ఏడ్చాను.

మూడోదాని సంగతి. గుంపుగా మొలిచే టెంకలో తల్లి ఒంటివాటితో పాటు ఒక్కోసారి ఒకటి వేరేది ఉంటుంది. అది తల్లి పూత మీద ఇంకో చెట్టు పుప్పొడి పడి పుట్టినది. తోబుట్టువులు లావుగా లేచి సత్తువంతా లాగేసుకుంటాయి కాబట్టి చాలాసార్లు అది బక్కగా ఉంటుంది, నర్సరీల్లో ముందు పీకేసేది దాన్నే. నువ్వు పీకబోయింది గడుగ్గాయి బిడ్డని వదినా. అన్నీ చూస్తే నాకలాగే అనిపిస్తోంది. ఖాయంగా తెలిసేది అది కాసినప్పుడే. పుల్లగా కాయొచ్చు, పీచుగా కాయొచ్చు, అసలు కాయకపోవచ్చు. ఉంచుకోవడమా పీకడమా మీ ఇష్టం. నన్నడిగితే నేను ఉంచుతాను.

నీ మరదలు

*

నర్సరీ, పంపు షెడ్డు పక్కన

మరదలు పిల్లకు,

వంకాయ చిగుళ్లవన్నీ పెద్ద సంచుల్లోకి మార్చి నీడలో పెట్టాం. వాటి పుల్లలు ముదిరాక అంటులు తనే కడతానని మీ అన్నయ్య కత్తి నూరిపెట్టుకున్నారు. మేస్త్రి అలిగాడు, టీ ఇచ్చి బుజ్జగించాను. మీ ఆఫీసరమ్మకి రెండు మొక్కలు పంపిస్తాం, మీ తోటలో ఒక చోటు చూసి ఉంచమను. ఇక ఏ గాలివాన వచ్చినా అన్నిచోట్లా ఒకేసారి పడగొట్టలేదు కదా.

షెడ్డు పక్కన చెట్టు లేచిపోయిన గొయ్యి అలాగే ఉంది. అందులో గడుగ్గాయినే మళ్లీ నాటతారనుకున్నాను. అన్నిటికంటే బలంగా ఉన్నదాన్ని తెచ్చి గొయ్యి పక్కన పెట్టాను కూడా. మీ అన్నయ్య దాన్ని తీసి నీడలోకి తీసుకెళ్లి, ఆ బక్కదాన్ని ఎత్తుకొచ్చారు. తోబుట్టువు నుంచి దాని వేళ్లు విడదీయడానికి పొద్దున్నుంచి కూర్చున్నారట.

"ఇదా? ఇది ఎలా కాస్తుందో కూడా తెలియదు కదండీ" అన్నాను.

"అవి ఎక్కడున్నా అవే. వాటి కాయ రుచి నాకు తెలుసు. ఇది దాని బిడ్డ. ఇది ఎవరో నాకు తెలియదు" అన్నారు. "తెలుసుకోవాలనుంది."

నాటుతూ ఏడ్చారు. చెట్టు పడ్డ రోజు ఏడవని మనిషి, అంటులన్నీ నల్లబడ్డ రోజు ఏడవని మనిషి, జానెడు మొక్క చుట్టూ మట్టి అదుముతూ నా ముందు ఏడ్చారు. నేను పక్కన కూర్చుని మట్టి తోశాను. నీళ్లు పోశాం. దానికి నాలుగే ఆకులున్నాయి, ఎండకి కొంచెం వాడినట్టున్నాయి, సాయంత్రానికి లేచి నిలబడ్డాయి.

అది కాయడానికి ఏళ్లు పడుతుందని మీ అన్నయ్యకి తెలియనిది కాదు. "ఏ రంగు కాయంటావు?" అని అప్పుడే నన్ను పందెం అడుగుతున్నారు. నేను ఎరుపన్నాను. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. నీదేమిటో రాసి పంపు.

మీ వదిన